ఎవరి హస్తవాసి

ఆ పట్టీని మా ఆస్పత్రి ఆఫీసు చూసుకునే ఆయన నవ్వుతూనే నా భుజానికి తగిలించాడు. "మీకు కాస్త రెస్ట్ ఇద్దామనండి. ఇన్నేళ్లు కష్టపడ్డారు కదా" అన్నాడు. నేను రెస్ట్ అడగలేదు. భుజం మీంచి నడుము దాకా అడ్డంగా పడే ఎర్ర పట్టీ, దాని మీద 'మీకు సహాయం కావాలా' అని పసుపు అక్షరాలు. అది వేసుకుని ఆస్పత్రి గుమ్మం ఎదురుగా కుర్చీలో కూర్చోవాలి. ఎక్స్‌రే ఎటు, బాత్‌రూమ్ ఎటు అని వచ్చేపోయేవాళ్లకి చెయ్యి చూపించాలి. ముప్పై ఆరేళ్లు నర్సుగా పనిచేసిన చెయ్యి అది.

ఆ చెయ్యి సంగతి చెప్పాలి. గొప్పలు పోతున్నాననుకుంటే అనుకోండి. విజయవాడలో మా ఆస్పత్రి పిల్లల వార్డులో ఏ బిడ్డకైనా నరం దొరకలేదంటే నన్ను పిలిచేవారు. విరేచనాలతో ఎండిపోయి వచ్చిన నెలల బిడ్డకి సెలైన్ పెట్టాలంటే డాక్టర్లే పక్కకి జరిగి నాకు చోటిచ్చేవారు. పామర్రు, గుడివాడ వైపు నుంచి బస్సు దిగి వచ్చిన తల్లులు గుమ్మంలోనే అడిగేవాళ్లు: "ఆ లావుపాటి సిస్టర్ గారు డ్యూటీలో ఉన్నారా అండి? ఆవిడ హస్తవాసి మంచిదంట." లావుపాటి అన్నందుకు వచ్చిన కోపం హస్తవాసి అనగానే పోయేది. డాక్టర్లకి హస్తవాసి ఉందంటారు గానీ నర్సుకి ఉందని ఎవరంటారు? నాకన్నారు. జీతం మీద ఇల్లు గడిచింది, ఆ మాట మీద నేను బతికాను.

యాభై ఎనిమిది దాటాక వేళ్లు వణకడం మొదలైంది. టీ గ్లాసు పట్టుకుంటే తెలిసేది కాదు, సూది పట్టుకుంటే తెలిసేది. అది వయసుతో వచ్చే వణుకనీ, దాంతో సర్దుకుపోవాలనీ డాక్టరు చెప్పాడు. ఎలా సర్దుకుపోవాలో మాత్రం చెప్పలేదు. ఒకరోజు ఒక చంటిదానికి మూడుసార్లు గుచ్చాను. మూడుసార్లూ నరం తప్పిపోయింది. ఆ బిడ్డ తండ్రి "ఈ పెద్దావిణ్ణి పక్కకి జరగమనండి" అన్నాడు. నేను జరిగాను. నా దగ్గర పని నేర్చుకున్న నర్సు అమ్మాయి వచ్చి ఒక్కసారికే పెట్టేసింది. ఆ మర్నాడే నాకు పట్టీ వేశారు.

ఇక ఓదార్చేవాళ్లు తయారయ్యారు. ఆదివారం చర్చి అయ్యాక పాస్టరు గారు "దేవుడు మీకు విశ్రాంతి ఇచ్చాడనుకోండమ్మా" అన్నారు. "దేవుడు తన పని పూర్తి చేసుకున్నాకే కదండీ విశ్రమించాడు. నా పని మధ్యలో లాక్కున్నారు" అన్నాను. ఆయన ఇంకో కుటుంబం వైపు తిరిగారు. మా ఆయన ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టులు అమ్ముతాడు. ఆయన అన్నం తింటూ, "ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే. నీ విలువ ఎక్కడికి పోద్ది?" అన్నాడు. నేనింకా చావలేదని చెప్పి కంచం ముందు నుంచి లేచిపోయాను. ఆ నెలాఖరుకి ఉద్యోగం మానేస్తానని కూడా చెప్పాను.

అన్నిటికంటే ఒళ్లు మండించింది ఒక మాట. నర్సులం ఒకళ్లనొకళ్లు సిస్టర్ అని పిలుచుకుంటాం. మొన్న చేరిన అమ్మాయైనా అంతే, ముప్పై ఏళ్ల నుంచి ఉన్న మనిషైనా అంతే. పట్టీ పడిన వారంలోపే అమ్మాయిలంతా నన్ను మేడమ్ అనడం మొదలుపెట్టారు. పైకి మర్యాదే. ఆ మర్యాదతోనే నన్ను వార్డులోంచి వెళ్లగొట్టారు.

ఒక మధ్యాహ్నం, నేను నేర్పిన ఆ అమ్మాయే మెట్లు దిగి నా కుర్చీ దగ్గరికి వచ్చింది. "మేడమ్, ఏమీ అనుకోకండి. ఆయా భోజనానికి వెళ్లింది. పాపని కొంచెం పట్టుకుంటారా?" అంది. పిల్లల వార్డులో సూది పెట్టేది నర్సు, బిడ్డ కదలకుండా పట్టుకునేది ఆయా. అంటే నన్ను ఆయా పనికి పిలుస్తోంది. నాలుగు మాటలు అనేద్దామని నోరు తెరిచాను. పైనుంచి బిడ్డ ఏడుపు వినిపించి మూసుకున్నాను. తిట్టుకుంటూనే మెట్లెక్కాను.

పాపని ఒళ్లో పెట్టుకుని, చల్లబడిన చేతిని నా అరచేతుల మధ్య కాసేపు వెచ్చబెట్టాను. ఈ మధ్య మా వాళ్లు చర్మం కింద నరాలు కనిపించే లైటు ఒకటి కొన్నారు. ఆ అమ్మాయి అది వేసి వెతుకుతోంది. నేను కళ్లు మూసుకుని వేలితో వెతికాను. మొదటి నుంచీ నా పద్ధతి అదే. నరమైతే నొక్కి వదిలినప్పుడు మెత్తగా పైకి లేస్తుంది. పాప బొటనవేలి కింద దొరికింది. వణికే వేలు కూడా బిడ్డ చేతికి ఆనించి పెడితే వణకదని నాకు అప్పుడే తెలిసింది.

"ఇక్కడ" అన్నాను.

"అక్కడేం కనపడట్లేదు మేడమ్."

"కనపడదు. పెట్టు."

పెట్టింది. ఒక్కసారికే, సూది నరంలో పడ్డ గుర్తుగా రక్తం చుక్క వెనక్కి వచ్చింది. పాప తల్లి కళ్లు తుడుచుకుని ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంది. "నీ హస్తవాసి మంచిదమ్మా" అంది. బిడ్డ నా ఒళ్లోనే ఉంది. ఆ తల్లి నా వైపు చూడను కూడా చూడలేదు.

సంతోషించానని రాస్తే బాగుంటుంది గానీ, అది అబద్ధం. ఆ మాట నాది. నా ఎదురుగానే తీసుకెళ్లి ఇంకొకళ్లకి ఇచ్చేశారు. తర్వాత రెండుసార్లు ఆ అమ్మాయి పిలవడానికి వస్తే, "ఆయాని పిలుచుకో. నాది హెల్ప్ డెస్కు" అన్నాను.

రెండోసారి అలా పంపేసిన మర్నాడు ఆయా నా పక్కన నిలబడి మామూలుగా చెప్పింది: "నిన్న ఆ బాబుకి అయిదుసార్లు గుచ్చారండి. రెండు చేతులూ వాచిపోతే ఆఖరికి కాలికి పెట్టారు." ఏ బాబో అడగక్కర్లేదు. ఆ అమ్మాయి రెండోసారి వచ్చి అడిగింది వాడికోసమే. ఆ సమయంలో నేను కింద కూర్చుని ఎవరికో బాత్‌రూమ్ చూపిస్తున్నాను. ఆఫీసు మీదా, మా ఆయన మీదా, దేవుడి మీదా పడ్డ కోపమంతా నా మీదకి తిరిగింది. ఒక మాట కోసం అలిగి పసివాడి చేతులు వాచేలా చేశాను. ముప్పై ఆరేళ్ల నర్సుననీ, హస్తవాసి అనీ ఇంకా విర్రవీగుతున్నాను.

పట్టీ తీసి కుర్చీ మీద పడేసి, ఎవరూ పిలవకుండానే పైకి వెళ్లాను. పావుగంటలో ఆఫీసులో ఆయన వచ్చాడు. "డెస్కు ఖాళీగా ఉందండి. జనం ఇబ్బంది పడతారు" అన్నాడు.

"బాత్‌రూమ్ ఎటో ఒక బోర్డు రాయించండి, అది చెబుతుంది. నరం ఎటో బోర్డు చెప్పదు."

ఆయన వారం రోజులు గొణిగాడు. చివరికి పొద్దున కుర్చీ, మధ్యాహ్నం వార్డు అని తేల్చాడు. పొద్దుటి కుర్చీ అంటే నాకిప్పటికీ మంటే. మధ్యాహ్నం మాత్రం వార్డంతా నా నోరే వినిపిస్తుంది. లైటు ఆపించి, అమ్మాయిల చేత కళ్లు మూయించి, ముందు ఒకళ్ల చేతులు ఒకళ్ల చేత వెతికిస్తాను. గోళ్లు పెంచుకున్న వాళ్లని తిడతాను. మేడమ్ అన్నవాళ్లకి బిడ్డని పట్టుకోనని మొదటిరోజే చెప్పాను. ఉద్యోగం మానే మాట మా ఆయన ఒకసారి కదిపి చూశాడు, నా మొహం చూసి టీవీ పెట్టుకున్నాడు. సంతోషంగా ఉన్నానా అంటే ఉన్నాను. కాకపోతే ఇది ఎవరూ చూడని సంతోషం, దానికి నేనింకా అలవాటు పడలేదు.

మొన్న పామర్రు నుంచి ఒకావిడ జ్వరంతో ఉన్న బాబుని తెచ్చింది. నన్ను చూడగానే ఆమె మొహం విప్పారింది. "నా చిన్నప్పుడు నాకు మీరే పెట్టారంట అండి. మా అమ్మ మీ దగ్గరికే వెళ్లమంది. మా బాబుకి మీ చేత్తోనే పెట్టండి" అంది. నేను నేర్పిన అమ్మాయి వెనక్కి జరిగి, సూది ఉన్న ట్రే నా ముందుకి చాపింది.

ఆ రోజు వేళ్లు కాస్త నిలకడగానే ఉన్నాయి. పెట్టగలనేమో అనిపించింది. చెయ్యి ట్రే వైపు వెళ్లింది కూడా. బాబు నీరసంగా నా వేలు పట్టుకుని చూస్తున్నాడు. పెట్టలేకపోతే ఆ పోటు పడేది వాడికి.

"నా హస్తవాసి అయిపోయిందమ్మా. ఇప్పుడు ఈ సిస్టర్‌ది మంచిది" అన్నాను.

ఆవిడ ఆ అమ్మాయిని పైకీ కిందకీ చూసింది. "ఈ అమ్మాయా అండి? చిన్నపిల్లలా ఉంది" అని సణిగింది.

నాకు చర్రున కోపం వచ్చింది. "చిన్నపిల్లేంటి? చెబుతుంటే అర్థం కాదా? నా మనవడికైనా ఈవిడ చేతే పెట్టిస్తాను" అని కసిరి, బాబు చేతిని నా అరచేతుల్లోకి తీసుకున్నాను.