అన్న పాలలో పెన్నేరు గడ్డ

మా చిన్నప్పుడు... మెట్‌పల్లిలో మా ఇంట్లో రోజూ పొద్దున ఒక్క గ్లాసు పాలు కాగేవి. అవి మా అన్నకు. అందులో నాయినమ్మ చెంచాడు పెన్నేరు గడ్డ పొడి కలిపేది... ఇప్పుడు అందరూ అశ్వగంధ అంటున్నారే, అదే.

అంగట్లో మూలికలమ్మే ముసలమ్మ దగ్గర గడ్డలు తెచ్చి, పాలలో ఉడికించి, నీడన ఎండబెట్టి, రోట్లో దంచి, పాత చీర గుడ్డలో జల్లించాలి. దంచింది నేను. జల్లించింది నేను. తాగింది వాడు. అలసట పోతుందని, చదివింది బుర్రలో నిలుస్తుందని... వాడికి ఆ ఏడాది ఏడో తరగతి పరీక్ష.

నన్ను ఐదో తరగతితోనే బడి మాన్పించారు. బాపు మగ్గం నేస్తుంటే నేను రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుట్టాలి. పొద్దుగూకేసరికి మెడ పట్టేసేది, కళ్లు మండేవి. ఒకరోజు నోరు తెరిచి అడిగాను, నాకూ కాస్త ఆ పొడి పెట్టమని.

"గది సదువుకునేటోళ్లకు బిడ్డా. కండెలు సుట్టుడుకు మెదడెందుకే?" అన్నాడు బాపు.

అవ్వ... అదే మా అమ్మ... తల వంచుకుంది. అన్న మాత్రం మీగడ నాకుతూ నన్ను చూసి నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మర్నాడే పని కానిచ్చాను. జ్వరాలకని నాయినమ్మ దాచిన తిప్పతీగ పొడి గూట్లో పెన్నేరు జాడీ పక్కనే ఉండేది. చూడటానికి రెండూ ఒకటే రంగు. తిప్పతీగ మాత్రం కటిక చేదు. ఈ జాడీలోది ఆ జాడీలోకి, ఆ జాడీలోది ఈ జాడీలోకి మార్చేశాను.

"నాయినమ్మా, మస్తు శేదుంది" అని అన్న మొహం చిట్లించాడు.

"శేదుంటెనే పని జేస్తది. గుటుక్కున మింగు" అంది నాయినమ్మ.

మూడు నెలలు తాగాడు పాపం... పాపం అని రాశాను గానీ నాకేం జాలి లేదు.

నేను రోజూ చిటికెడు అసలు పొడి అరచేతిలో వేసుకుని నాకేదాన్ని. వాడు పైకి చదువుతుంటే కండెలు చుడుతూనే అన్నీ పట్టేశాను. ఒకనాడు వాడు లెక్క తప్పు చెబితే సరిదిద్దాను. బాపు మగ్గం ఆపి నా వైపు చూశాడు. ఇప్పుడన్నా బడికి పొమ్మంటాడేమోనని రాట్నం ఆపేశాను.

"దారం తెగింది, సూస్కో" అన్నాడు.

అన్న పాసయ్యాడు. ఇంకా చదివి పెద్ద పంతులయ్యాడు. ఎనభై దాటినా పెళ్లిళ్లలో, ఫోనుల్లో అందరికీ అదే కథ చెబుతాడు, తన తెలివంతా పెన్నేరు గడ్డదేనని...

ఇన్నేళ్లు ఊరుకున్నాను. అన్నా, ఇవాళ చదువు. నువ్వు తాగింది తిప్పతీగ. అసలు గడ్డ తిన్నది నేను. అయినా పంతులైంది నువ్వు.

ఇప్పుడు మా ఇళ్లల్లో ఆడపిల్లను బడి మాన్పించే మాట ఎవరూ ఎత్తరు... ఆ రోజులు పోయాయి, నా కోపమే పోలేదు. మిమ్మల్నీ ఇలా చదువు దగ్గర ఆపినవాళ్లుంటే మీరూ రాయండి... అన్నో బాపో, వరస పెట్టి పిలిచి మరీ రాయండి, వాళ్లూ చదవాలి.