పంపు మీద తడి తువ్వాలు

ఎండాకాలం వచ్చిందంటే బిక్షం పాత జీపు బొల్లారం రైల్వే గేటు దాటగానే ఆగిపోయేది. ఆయన కంగారుపడేవాడు కాదు. బానెట్ ఎత్తి, మీసం మీది చెమట తుడుచుకుని, ఇంజనుకు పెట్రోలు అందించే పంపుకు ఉన్న గాజు గిన్నెలోకి కళ్లు చికిలించి చూసేవాడు. బుడగలు కనిపిస్తే వేడికి పెట్రోలు ఆవిరవుతున్నట్టే. "పుష్పా, తువ్వాల తడుపు" అనేవాడు. భార్య పుష్పమ్మ తాగే నీళ్లతోనే తువ్వాలు తడిపి పంపుకు చుట్టేది. అది చల్లబడేదాకా ఇద్దరూ కంటోన్మెంటు గోడ నీడలో కూర్చుని, ఇంట్లో కుదరని మాటలన్నీ మాట్లాడుకునేవారు.

పుష్పమ్మ పోయాక, హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే కూతురు లాస్య ఆ పంపు తీయించి, ఇంజను వేడి తగలకుండా వెనక పెట్రోలు ట్యాంకు దగ్గర కొత్త కరెంటు పంపు పెట్టించింది. "ఇంక తక్లీఫ్ ఉండదు నాన్నా" అంది. నిజంగానే బండి మళ్లీ ఎక్కడా ఆగలేదు. ఈ మే నెలలో ఇద్దరూ అదే దారిన వెళ్తుంటే, గేటు దాటాక బిక్షం తనే జీపు ఆపాడు. బానెట్ ఎత్తి, తువ్వాలు తడిపి, పాత పంపు ఉండిన చోట పరిచాడు. "పంపు ఇప్పుడు వెనక ఉంది కద నాన్నా" అంది లాస్య. "ఎరుకే బిడ్డా" అంటూ ఆయన గోడ నీడలో కూర్చుని, కొంచెం పక్కకు జరిగాడు. "జెరసేపు కూసో."