చెక్కల కింద రామనామం

ఈ రోజు మా సీతమ్మధారలో పౌరరక్షణ దళంవాళ్ళు, తుపానుకు ఇల్లు కూలితే మనుషుల్ని ఎలా వెతకాలో సాధన చేశారు. చిక్కుకున్న మనిషిగా నన్ను పాత తలుపుచెక్కల కింద కూర్చోబెట్టారు. "లోపల ఎవరున్నారు?" అని కేకవేసి, అందరూ ఊపిరి బిగబట్టి విన్నారు. నాకు గట్టిగా అరిచే గొంతు లేదు; అలవాటుకొద్దీ మెల్లగా రామనామం చెప్పుకుంటున్నాను. ఎవరూ లేరనుకుని పక్క కుప్పకు వెళ్ళిపోయారు.

చివరికి నేనే బయటికి వస్తే, పోర్టులో పనిచేసే దళనాయకుడు తల పట్టుకున్నాడు.

"ఏటమ్మా, రాముడికి ఇనబడితే సరిపోద్దా? మాకూ ఇనబడాల గదా. గొంతు లేవకపోతే రాయెట్టి కొట్టు."

రెండోసారి నామానికో దెబ్బ చొప్పున కొట్టాను. అడుగులు నేరుగా నా వైపే వచ్చాయి, నలుగురి చేతులు చెక్కలు ఎత్తాయి. నిజంగా ఆపద వచ్చినా వీళ్ళు వదిలిపెట్టరనిపించింది. మీలో గట్టిగా అరవలేనివాళ్ళు ఇంకెవరున్నారు? వచ్చే ఆదివారం మళ్ళీ సాధన ఉంది, నాతో రండి.