మఖమల్ అంచున ఆకులు

నా చిన్నప్పుడు కెనడాలోని రెజైనాలో మా వీధిలో రెండే తెలుగు ఇళ్ళు. ఒకటి మాది, రెండోది పక్కింటి అక్కవాళ్ళది. ఆ అక్కకు పన్నెండేళ్ళు, నాకు తొమ్మిది. ఆమెకున్నవన్నీ నాకు కావాలి, పొడుగాటి జడతో సహా. అరవై దాటాక ఒప్పుకోవడానికి సిగ్గేముంది, నాది ఒట్టి కుళ్ళుబోతు బుద్ధి.

ఆ ఏడు మా అత్తయ్య, అంటే నాన్నగారి అక్క, హైదరాబాదు నుంచి మా ఇంటికి వచ్చింది. కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పేది, కుట్టుపనిలో మహా నేర్పరి. పెట్టె తెరవగానే పైన ముదురెరుపు మఖమల్ గుడ్డ కనిపించింది. నాకే అనుకున్నాను. తీరా చూస్తే, పక్కింటి అక్క దీపావళికి డాన్సు చేస్తుందని వాళ్ళమ్మ చెప్పి తెప్పించుకున్నదట! నా కడుపు భగ్గున మండింది.

పరికిణీ కుడుతున్నంతసేపూ అత్తయ్య కబుర్లు చెప్పేది. మఖమల్ అరబ్బుల మాటట, నూగున్న బట్ట అని అర్థమట. ఇంగ్లీషువాళ్ళ వెల్వెట్ కూడా లాటిన్‌లో వెంట్రుకల పేరునుంచి వచ్చిందేనట. స్కార్లెట్ అన్నది మొదట రంగే కాదట, ఖరీదైన ఉన్నిబట్ట పేరట. గొప్పవాళ్ళు ఎక్కువగా ఎర్రదే కోరడంతో పేరు కాస్తా రంగుకు అంటుకుపోయిందట. మన పాతకాలపు ఉన్నిబట్ట సకలాతు పేరు కూడా దాని చుట్టమేనని అంటారట. అక్క నోరు తెరుచుకుని వినేది. నేను ఆ నూగును అటూ ఇటూ నిమురుతూ లోలోపల ఏడ్చుకునేదాన్ని.

మఖమల్‌కు పైనుంచి ఇస్త్రీ తగలకూడదు, నూగు అణిగిపోతుంది అన్న ఒక్క మాటే నా చెవికెక్కింది. పండుగ ముందురోజు గదిలో ఎవరూ లేనప్పుడు, కాలుతున్న ఇస్త్రీపెట్టె మొన పరికిణీ అంచుమీద ఆనించాను. తీసి చూస్తే ఆకు ఆకారంలో మచ్చ, తళతళా మెరుస్తోంది. సంతోషం కలుగుతుందనుకున్నాను. ఆ మచ్చను వేళ్ళతో గబగబా రుద్దాను.

అత్తయ్య వచ్చి చూసింది. కెటిల్ ఆవిరి పట్టింది, బ్రష్షుతో దువ్వింది. ఊహూఁ, మచ్చ పోలేదు. అప్పుడు నావైపు తిరిగి, "తమలాంటి బట్ట ఇంకోళ్ళు కడితే ఓర్వలేక, ఆ కాలం రాజులు చట్టాలే చేశారే. పాపం, నీకు చట్టం చేసే వీల్లేక ఇస్త్రీపెట్టె పట్టుకున్నావు" అంది. తిట్టినా బాగుండేది. తర్వాత కోటు వేసుకుని పక్కింటికి వెళ్ళి, కాసేపటికి తిరిగి వచ్చింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నా చేతిమీద తన చెయ్యి వేసి, అదే మొనతో అంచు పొడుగునా ఆకులు వేయించింది. నా మచ్చ వాటిల్లో కలిసిపోయింది.

మర్నాడు దీపావళి వేడుక జరిగే హాల్లో ఆడవాళ్ళంతా అక్క చుట్టూ మూగారు. ఇది ఎక్కడ కొన్నారండీ అని ఒకరు, ఇలాంటిది ఎన్నడూ చూడలేదని ఇంకొకరు. చెడగొడదామని నేను చేసిన పనివల్లే ఆమె ఇంకా అందంగా కనబడుతోంది! నా కుళ్ళు రెట్టింపైంది. అంతలో అక్క నా చెయ్యి పట్టుకుని ముందుకు లాగి, "ఈ లీవ్స్ అన్నీ మా చెల్లే చేసింది ఆంటీ!" అని అందరికీ చూపించింది.

అది మాత్రం భరించలేకపోయాను. అక్కను కోట్లు తగిలించే గదిలోకి లాక్కెళ్ళి, వెక్కుతూ అంతా చెప్పేశాను.

అక్క నన్ను ఎగాదిగా చూసింది. "నాకు నిన్ననే తెలుసు. మీ అత్తయ్య వచ్చి నన్ను అడిగాకే కదా మిగతా లీవ్స్ వేసింది. బాగా ఏడ్చాను తెలుసా? నీతో ఇంక ఎప్పుడూ మాట్లాడొద్దనుకున్నా."

"మరి అందరి ముందు అలా ఎందుకు చెప్పావు?"

"చేసింది నువ్వే కదా, అబద్ధం కాదుగా!" అంటూ నా ముక్కు తన రుమాలుతో తుడిచి డాన్సుకు పరుగెత్తింది.

నా కుళ్ళు ఆ రోజుతో పోయిందని చెబితే అబద్ధమవుతుంది. ఎవరి కొత్త ఇల్లు చూసినా, ఎవరి కోడలు చక్కగా పాడినా ఇప్పటికీ కడుపు మండుతుంది. కాకపోతే లోపల దాచుకోవడం మానేశాను. వాళ్ళ ముందే, "నాకు మహా కుళ్ళుగా ఉందమ్మా" అనేస్తాను. వాళ్ళు పకపకా నవ్వుతారు. నేనూ నవ్వుతాను, కాస్త ఆలస్యంగా.