పడుకోబెట్టిన పందిరి

డిగ్రీ అయిపోయి ఉద్యోగం రాని రోజులు మనిషికి చాలా నేర్పుతాయని పెద్దవాళ్ళు అంటారు. నాకు మాత్రం ఒక్కటే నేర్పాయి, ఇంట్లో ఎవరు పిలిచినా వినపడనట్టు కూర్చుని కత్తెర ఆడించడం. ఆ రోజుల్లో (మరీ వెనకటి రోజులేం కావు, అప్పటికే మా వీధి పాలవాడు కూడా ఫోన్‌లోనే డబ్బు వేయించుకుంటున్నాడు) తణుకులో పిల్లల పుట్టినరోజంటే బెలూన్లవాడికి ఫోన్ చేయడమే. అతను వచ్చి గుమ్మానికి గులాబీ బెలూన్లు కట్టి, వెనకాల మెరుపుల తెర వేలాడదీసి, దాని మీద పేరు అంటించి పోయేవాడు. ఏ ఇంటికెళ్ళినా అదే తెర, అవే బెలూన్లు. పేరొక్కటే మారేది, ఒక్కోసారి అదీ మారేది కాదు. నాకు ఒళ్ళు మండేది. చుట్టూ ఇన్ని కొబ్బరిచెట్లు పెట్టుకుని, ఒక్క ఆకుతో వాచీ, బూర, కళ్ళజోడు, చిలక చేసిచ్చే చేతులు పెట్టుకుని, పిల్లల్ని ప్లాస్టిక్ తెర ముందు నిలబెట్టడం ఏంటని నా బాధ. ఇలాంటివన్నీ నేను చేస్తాను, అదే నా పని అని ఇంట్లో చెప్పేశాను.

మా నాన్నకి అది పనిలా కనపడలేదు. రాజమండ్రిలో బ్యాంకు పరీక్షల కోచింగ్‌కి నన్ను పంపాలని ఆయన అప్పటికే హాస్టల్ కూడా మాట్లాడేశారు. ఇద్దరం అన్నం దగ్గర వాదించుకుని, చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. "ఒక్క పార్టీ చెయ్. నలుగురూ బాగుందంటే నీ దారి నీది. లేదంటే నోరెత్తకుండా కోచింగ్‌కి వెళ్ళు" అన్నారు. నేను సరేనన్నాను. ఆ ఒక్క పార్టీ మా వీధి చివర బియ్యం కొట్టు ఆంటీ ఇంట్లో దొరికింది. ఆవిడ కూతురి పుట్టినరోజు. పిల్లకి అడవి కావాలట. అడవంటే నాకంటే బాగా ఎవరు కడతారు? ఆ ఇంట్లో ఆంటీ అత్తగారు ఉన్నారు, మేమంతా మామ్మగారు అంటాం. ఆవిడకి జ్వరం ముదిరి రాజమండ్రి ఆసుపత్రిలో ఉండి, అంతకు వారం ముందే ఇంటికి వచ్చారు. (ఈ ముక్క మీరు గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.)

కొబ్బరి మట్టలకీ వెదురు బొంగులకీ మా ఊళ్ళో అందరూ వెళ్ళేది ఒకాయన దగ్గరికే. మట్టల బాబాయి అంటారు. పెళ్ళి పందిళ్ళకైనా, ఇంకో పనికైనా సరుకు ఆయన దగ్గరిదే. వెళ్ళి పెద్ద పచ్చి మట్టలూ, రెండు పొడుగాటి బొంగులూ కావాలన్నాను.

"ఎవరింటికండి అమ్మాయిగారూ?"

"బియ్యం కొట్టు మామ్మగారింటికి బాబాయ్."

ఆయన తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఆయ్. ఎన్నింటికండి?"

"రేపు సాయంత్రం ఐదింటికల్లా సిద్ధం కావాలి. పిల్లలందరూ అప్పటికి వచ్చేస్తారు."

"పిల్లలొచ్చేదాకా ఆగుతున్నారన్నమాట. పొడుగెంతండి?"

"మామ్మగారు పట్టాలి. కొంచెం వెడల్పుంటే పక్కన మనవరాలు కూడా పడుతుంది."

"మనవరాలు కూడానా అండి?"

"ఇద్దరికీ కలిపి ఫొటో తీస్తారు బాబాయ్."

ఆయన నా మొహంలోకి చాలాసేపు చూశాడు. "ఈ రోజుల్లో అన్నిటికీ ఫొటోలేనండి" అని, "కుండ కూడా పంపేయమంటారా?" అని అడిగాడు.

"బాగా గుర్తు చేశారు. కొత్త కుండ ఒకటి పంపండి, పగలగొట్టడానికి." (ఉట్టికి. చాక్లెట్లు నింపి, కళ్ళకు గంతలు కట్టి పిల్లల చేత కొట్టించాలని నా ప్లాను.)

"అదెలాగూ పగలగొట్టాలి కదండి" అన్నాడాయన.

మర్నాడు పొద్దున్నే సరుకు ఆంటీ గేటు ముందు దిగింది. ఆంటీ కూతుర్ని తీసుకుని కేకు కోసం బజారుకి వెళ్ళింది, అంకుల్ కొట్లో ఉన్నారు, మామ్మగారు లోపల పడుకున్నారు. నేను పని మొదలుపెట్టాను. నిలబెట్టి కడితే పైదాకా చెయ్యి అందదు కాబట్టి, బొంగులు రెండూ గేటు ముందు నేల మీద పక్కపక్కన పడుకోబెట్టి, మధ్యలో అడ్డకర్రలు నిచ్చెనలా కట్టి, దాని మీద పచ్చి మట్టలు పరిచి తాడుతో బిగించడం మొదలుపెట్టాను. పక్కన కొత్త కుండ. మా వైపు పోయినవాళ్ళని మోసే పాడె సరిగ్గా ఇలాగే కడతారు. అదే వెదురు, అదే పచ్చాకు, అదే కుండ, అదే గేటు ముందు. నీకెందుకు తట్టలేదని అప్పుడు ఊరంతా అడిగింది, ఇప్పటికీ అడుగుతోంది. నా కళ్ళకి అది అడవి. అడవి కట్టేవాళ్ళకి అడవే కనపడాలి.

ఎదురుగా టిఫిన్ సెంటర్లో పాటలు ఆగిపోయాయి. కాసేపటికి పొయ్యి కూడా ఆర్పేశారు. పక్క కిరాణా కొట్టు షట్టరు సగం దిగింది. నలుగురైదుగురు దూరంగా చేతులు కట్టుకుని నిలబడ్డారు, ఒక్క మాట లేదు. నా పనితనం చూసి నోట మాట రావడం లేదనుకుని ఇంకాస్త నేర్పుగా ముడులు వేశాను. కుట్టుమిషను పిన్నిగారు దగ్గరికొచ్చి మెల్లిగా, "రాత్రి నిద్రలోనేనా అమ్మా?" అన్నారు.

"నిద్రెక్కడిదండి, రాత్రంతా మేలుకునే ఉన్నాను." (పిల్లలకి వాచీలు అల్లుతూ.)

"నీ చేతుల్లోనే అయిందన్నమాట."

"అంతా నా చేతుల మీదేనండి" అన్నాను గర్వంగా. ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, పరాయి పిల్లవైనా ఎంత చేశావమ్మా అంటూ నా తల నిమిరారు. మొదటి మెచ్చుకోలు వచ్చేసిందని నేను పొంగిపోయాను.

ఈలోగా లెక్కల మాస్టారు (రిటైరయ్యాక మా వీధి వాట్సాప్ గ్రూపు ఆయన చేతుల మీదే నడిచేది) మామ్మగారి ఫొటో ఒకటి పెట్టి కింద ఓం శాంతి అని రాసేశారు. దానికి వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఆయనే పూలదండ కూడా పట్టుకుని బయలుదేరారు. ఆయన వెనకాల ఇంకో దండతో మా నాన్న. నాన్న వచ్చి, గేటు ముందు కూర్చుని పాడె బిగిస్తున్న కూతుర్ని చూసి ఆగిపోయారు. "నువ్వేం చేస్తున్నావే ఇక్కడ?" అన్నారు. "పార్టీకండి" అన్నాను. ఆయన చేతిలో దండ కిందికి జారింది. నాకు దండ కనపడింది, తరవాత పొయ్యి ఆరిన టిఫిన్ సెంటర్ కనపడింది, చివరికి నా అడవి వైపు చూసుకున్నాను. అప్పుడు తెలిసింది.

సరిగ్గా అప్పుడే ఆంటీ కూతురితో ఆటో దిగింది. జనాన్నీ దండల్నీ చూసి, కేకు డబ్బా నా ఒళ్ళో పడేసి, "అత్తయ్యా" అంటూ ఏడుస్తూ లోపలికి పరుగెత్తి, మరుక్షణం ఎర్రబడ్డ మొహంతో బయటికి వచ్చింది. "అవి తీసి అవతల పారేయ్. బెలూన్లవాడికి ఫోన్ చేస్తున్నాను" అంది. మా నాన్న రాజమండ్రి బస్సు టైమ్ లెక్కేసుకుంటున్నట్టు నిలబడ్డారు. నాకు ఏడుపు రావాలి. కోపం వచ్చింది. "తీయనండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "పెళ్ళికి వేసే పందిరికీ ఈ ఆకే, పిల్లలు ఊదే బూరకీ ఈ ఆకే. చావుకొక్కదానికే రాసిచ్చేశామా? ప్లాస్టిక్ తెరని చూసి ఎవరికీ ఏమీ గుర్తురాదు, అందుకే అది మీకు బాగుంటుంది. నేను మాత్రం తీయను. మీరు డబ్బివ్వకపోయినా సరే, సాయంత్రం పిల్లలు వచ్చేది ఇక్కడికే."

ఆంటీ ఫోన్ ఎత్తింది. ఆ ఫోన్ కలిసేలోపు మామ్మగారు గుమ్మంలోకి వచ్చారు. చేతిలో ఆవిడ ఫోన్. "పొద్దుట్నుంచీ ఇది టింగు టింగుమంటోంది. మాస్టారూ, నేను పోయానటగా?" అన్నారు. మాస్టారు దండ వెనక్కి దాచుకున్నారు. "దాచుకుంటారేంటి, నాకు తెచ్చిందే కదా. మెళ్ళో వేసే వయసు మీకు లేదు గానీ ఇటివ్వండి" అని లాక్కుని, తనే మెళ్ళో వేసుకున్నారు. జనంలో ఎవరికీ నవ్వాలో వద్దో తెలియలేదు. మామ్మగారు మెట్లు దిగి నా కట్టుబడి చుట్టూ తిరిగి, ఒక ముడి లాగి చూశారు.

"గట్టిగానే కట్టావే. ఇది నిలబడుతుందా?"

"నిలబడుతుందండి."

"అయితే చూస్తారేంటి, నిలబెట్టండి. పడుకోబెడితే పాడె, నిలబెడితే పందిరి. ఎత్తడానికే కదా అందరూ వచ్చారు, నలుగురూ నాలుగు మూలలా పట్టుకోండి."

పట్టుకున్నారు. ఒక మూల మాస్టారు, ఒక మూల మా నాన్న. లేచి గోడకి ఆనుకుని నిలబడగానే అది నిజంగానే అడవి అయింది. మామ్మగారు దండతోనే దాని కింద కుర్చీ వేయించుకుని, మనవరాల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఫొటో తీయించుకుని, ఓం శాంతి కింద అదే గ్రూపులో పెట్టారు. పరామర్శకి వచ్చినవాళ్ళెవరూ ఇంటికి పోలేదు. పొద్దుట్నుంచీ వీధిలో టిఫిన్ దొరక్క అందరికీ ఆకలిగా ఉంది, పైగా ఎత్తినవాళ్ళు పార్టీకి ఉండకపోతే బాగుండదు. సాయంత్రం పిల్లలు కుండ పగలగొట్టారు, ఆకు వాచీలు పెట్టుకుని టైమ్ అడిగిన వాళ్ళందరికీ తలో టైమ్ చెప్పారు, బూరలు ఊది వీధిని చెవిటిదాన్ని చేశారు. బెలూన్ కావాలని ఒక్కరూ అడగలేదు. ఎవరూ చెప్పకుండానే మా నాన్న ఒక మూల కూర్చుని ఆకు చిలకలు చేస్తూ కనపడ్డారు, నావాటికంటే ముక్కు బాగా కుదిరింది. ఇంటికి వెళ్తూ నేనే ముందు అన్నాను, కోచింగ్‌కి వెళ్ళనని. "నేనడిగానా? మా ఆఫీసరుగారి బాబు పుట్టినరోజు వచ్చే నెల. నువ్వు ఖాళీయేనా అని అడుగుదామనుకుంటున్నాను" అన్నారు.

ఇప్పుడు నాకు ఆ పనే జీవనం. నిజం చెప్పాలంటే మెత్తబడ్డాను కూడా. మెరుపుల తెర కావాలంటే సరేనండి అంటాను, రంగు లైట్లు పెట్టమంటే పెడతాను, మొన్న ఒకచోట గులాబీ బెలూన్లు కూడా నా నోటితోనే ఊదాను. అలాంటి రాత్రి ఇంటికొచ్చి పడుకుంటే, గేటు ముందు తాడు చేత్తో పట్టుకుని తీయనండి అన్న ఆ పిల్ల గుర్తొస్తుంది. దానికేం తెలుసు, ఏమీ తెలియదు కాబట్టే అనగలిగింది అని నవ్వుకుంటాను, కొంచెం అసూయ పడతాను. నిన్న ఒకావిడ రాజమండ్రి నుంచి ఫోన్ చేశారు. పాప పుట్టినరోజట, అడవి కావాలట. "కొబ్బరాకు మాత్రం వద్దండి, చూసినవాళ్ళు ఏమైనా అనుకుంటారు" అన్నారు. సరేనండి అనడానికే నోరు తెరిచాను. "అనుకోనివ్వండి" అని వచ్చింది.