పేజీ లింగమూర్తి

సూరత్‌లోని భేస్తాన్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపే లింగమూర్తిని ఎవరూ ఉత్త లింగమూర్తి అనరు, పేజీ లింగమూర్తి అంటారు. ఎవరైనా ఫోన్‌లో ఒక చమత్కారం పంపి, కింద ఏ మహా రచయిత పేరో తగిలిస్తే చాలు, ఏ పుస్తకం, ఏ పేజీ అని వెంటపడతాడు. పోయిన రచయితల నోట్లో మాటలు కుక్కడమంటే ఆయనకు ఒళ్లుమంట. అలా నలభై సూక్తులకు అసలు తండ్రులను వెతికిపెట్టాడు. ఒకదానికి తండ్రి సబ్బుల ప్రకటన అని తేలింది. ఆ విషయంలో ఆయనకు కాస్త గర్వం కూడా ఉంది, దాచడమెందుకు.

ఈ ఏడాది కులసంఘం క్యాలెండర్‌లో వేసే సూక్తులను సరిచూసే పని ఆయనకే అప్పగించారు. సోమవారం అచ్చుకు వెళ్లాలి. పదకొండు సరిపోయాయి, పన్నెండోది కొరకరాని కొయ్య అయింది. 'సాంచ ఆగితే సేటు ఉరికొస్తడు, మనిషి ఆగితే ఇంకో మనిషి ఉరికొస్తడు.' కింద బడిపిల్లలకు కూడా తెలిసిన ఒక మహా రచయిత పేరు. ఆయన పుస్తకాలన్నీ తిరగేసినా ఆ మాట దొరకలేదు. ఆయన జన్మలో మరమగ్గం చూసిన జాడ కూడా లేదు.

దాంతో పంపినవాళ్లను అడుగుతూ వెనక్కి నడిచాడు. ఆ మాటను క్యాలెండర్‌కు ఇచ్చిన వినోద్‌కు జమున పంపిందట. జమున దగ్గర ఒక పాత ఫొటో ఉంది, పన్నెండేళ్ల కిందటి సంఘం హాలు బోర్డు. దాని మీది చేతిరాతను లింగమూర్తి ఇట్టే గుర్తుపట్టాడు. అది తనదే.

అప్పట్లో ఆ బోర్డు మీద రోజుకో మాట రాసేది ఆయనే, రాసినవి ఎప్పటికప్పుడు మరిచిపోయేవాడు. కింద ఎవరన్నారో పేరు లేనిదే సంఘంవాళ్లు రాయనిచ్చేవారు కాదు. ఆ మాట చెప్పింది మగ్గాలకు నూలు కండెలు చుట్టే ఐలమ్మ. ఎవరన్నారని అడిగితే తల దించుకుంది. మొగుడి పేరు పలికే ఆడవాళ్లు ఆ తరంలో లేరు. పోయిన పెనిమిటి మాటని లింగమూర్తికి అర్థమైంది గానీ, అప్పటికి తాను సూరత్‌కు కొత్త కాబట్టి ఆయన పేరు తెలియదు. ఇంకెవరిని అడిగినా చెప్పేవారే. అడగలేదు. ఖాళీ చోట ఒక మహా రచయితను కూర్చోబెట్టి చేతులు దులుపుకున్నాడు.

ఇప్పుడు నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. చెబితే పరువు గంగలో కలుస్తుంది. ఆదివారం పొద్దంతా ఊగిసలాడి, చివరికి పక్క పేట వడోద్‌లో ఐలమ్మ ఇంటికి వెళ్లి జరిగిందంతా ఒప్పుకున్నాడు. ఐలమ్మ కోప్పడలేదు. కోడలి ఫోన్‌లో ఆ మాట విన్నప్పుడల్లా, అంత పెద్దమనిషికీ అదే తట్టిందేమో అనుకుందట. అది విన్నాక లింగమూర్తికి నిజంగా సిగ్గేసింది.

"తప్పు నాదే అక్కా. రేపు అచ్చుల మీ ఆయన పేరే వస్తది. ఇంట్ల ఎవరన్నా జర పేరు చెప్పున్రి" అంటూ కాగితం తీశాడు.

కోడలు సింధూజ చెప్పబోయింది. ఐలమ్మ చెయ్యెత్తి ఆపింది.

"రాజలింగం" అంది. "సిరిసిల్ల. ఊరు గూడ రాయి."