క్లెమటిస్‌కు ఆకు దూశాను

ఎడిసన్‌లో మా పక్కింట్లో ఎనభై దాటిన అమెరికన్ ఆవిడ ఒంటరిగా ఉండేది. రెండేళ్ల కిందట మే నెలలో ఒక కుండీ తెచ్చి నా చేతిలో పెట్టింది. "నాకిక వంగి గొయ్యి తవ్వే ఓపిక లేదు. మీ కంచె దగ్గర నాటు, నాకూ కనిపిస్తుంది" అంది. అది కొత్త రకం క్లెమటిస్ తీగ. పూల ప్రదర్శనలో బహుమతి వచ్చిందని చెప్పే చీటీ దానికి వేలాడుతోంది. ఆ ఏడాది రెండే రెండు పూలు పూసింది. ఒక్కోటి అరచేయంత, ఊదా రంగు, బంతిపువ్వులా రేకు మీద రేకు. ఆవిడ రోజూ కాఫీ కప్పు పట్టుకొచ్చి వాటిని చూసి వెళ్లేది.

నిరుడు జనవరిలో, ఇల్లు అమ్మేశానని, జూన్ ఆఖరుకు అరిజోనాలో కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నానని చెప్పింది. "ఈసారి తీగ నిండా పూస్తుంది. అది చూసి వెళతాను" అంది.

అయితే కంచె కనబడకుండా పూయించి పంపాలని నేను పట్టుబట్టాను. మొక్కల విషయంలో చేయి తిరిగినదాన్నని నాకు కాస్త పొగరు. చిన్నప్పుడు మా ఇంట్లో చలి తగ్గుతుండగా మల్లెపొదలకు ఆకు దూసి, కొమ్మలు కత్తిరించే పని నాదే. ఎంత కోస్తే అంత విరగబూసేవి. మార్చిలో ఒక ఆదివారం కత్తెర తీసుకుని, తీగకున్న ఎండాకులన్నీ దూసి, మోకాలెత్తున కత్తిరించేశాను. కోసిన పుల్లల మీద ఉబ్బిన మొగ్గలు కనిపించాయి. చిగుళ్లేలే, మళ్లీ వస్తాయనుకున్నాను.

మే వచ్చింది. తీగ కంచె పైదాకా పాకింది. ఒక్క మొగ్గ లేదు.

మా ఆయన ఫోన్‌లో వెతికి చూపించారు. "ఈ వెరైటీ పాత కొమ్మ మీదే పూస్తుందట. ఫస్ట్ లైన్‌లోనే ఉంది. కట్ చేసే ముందు ఒకసారి చెక్ చేయొచ్చు కదా?" నిజమే కాబట్టి నాకు ఒళ్లు మండింది. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఆవిడ మాత్రం కాఫీ కప్పుతో రోజూ వచ్చేది. "ఈసారి చలికి కొమ్మలు పోయినట్టున్నాయి" అని అబద్ధమాడాను. "అవును, చలి గట్టిదే" అంది. మర్నాడు కూడా అదే మాట అన్నాను, ఆవిడా ఊఁ కొట్టింది. తర్వాత పొద్దున్నపూట పెరట్లోకి వెళ్లడమే మానేశాను.

సామాన్ల ట్రక్కు వచ్చిన రోజు ఇక ఉండబట్టలేక వెళ్లి చెప్పేశాను. "చలి కాదు. మా ఊళ్లో మల్లెకు చేసినట్టు నేనే కోసేశాను."

"తెలుసు. ఆ రోజు కిటికీలోంచి చూశాను" అంది.

"మరి నన్ను ఆపలేదేం?"

"బూట్లు వేసుకుని మెట్లు దిగేసరికి సగం కోసేశావు. పాడుకుంటూ కోస్తున్నావు. నాకోసమే చేస్తున్నావని తెలుస్తూనే ఉంది. ఏం చెప్పను?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ నా భుజం తట్టి, వచ్చే ఏడాది దాన్ని ముట్టుకోకు అని మాత్రం చెప్పి కారెక్కింది.

ముట్టుకోలేదు. ఈ మే నెలలో తీగ విరగబూసింది, నలభైదాకా లెక్కపెట్టి ఆపేశాను. వెంటనే వీడియో కాల్ చేశాను. తెర మీద ఆవిడ కళ్లు చిట్లించి, "ఇంకొంచెం దగ్గరగా పెట్టు" అంది. పెట్టాను. "ఇంకొంచెం" అంది. చలికాలం నుంచి అమ్మకు చూపు బాగా తగ్గిందని పక్కనుంచి వాళ్లమ్మాయి మెల్లగా చెప్పింది. ఫోన్‌ను రేకులకు ఆనించేటంత దగ్గరగా పట్టుకుని నిలబడ్డాను.

"చాలా బాగుంది" అంది ఆవిడ.

కనిపించిందా అని నేను అడగలేదు. నిరుడు మే నెలలో ఆవిడకు చూపు బాగానే ఉండేది.